బీరువా మీది రవికెలు

నాకు నోరు ఎక్కువని మా అమ్మ అంటుంది. పని చేసేటప్పుడు మరీ ఎక్కువ. పోయిన చలికాలం ఒక పాత బీరువాతో వారం రోజులు గడిపాను. ఆ వారమంతా మొహం తెలియని ఒక మనిషిని తిడుతూనే ఉన్నాను.

జహీరాబాద్‌లో మాది పాత చెక్కసామాను బాగుచేసే దుకాణం. పాలిష్, రంగు, విరిగిన కాలు, ఊడిన తలుపు, అన్నీ నేనే చూసుకుంటాను. ఆ బీరువాను కోహీర్ నుంచి ఒక రిటైరైన టీచరమ్మ ట్రాలీలో వేయించుకొని తెచ్చింది. నడుమెత్తు ఉంటుంది. పైన గిన్నెలు పెట్టుకోవడానికి పొడుగాటి బల్ల, కింద వరసగా మూడు తలుపులు, చెరుకుగడల్లాంటి సన్నటి కాళ్ళు. ఎప్పుడో వాళ్ళ మామగారి తండ్రి ఏదో బంగళా సామాను హర్రాజులో పాడుకున్నాడట. టీచరమ్మ దగ్గర కొనబోయే హైదరాబాద్ ఆయన నాకు ఫోన్ చేసి దాన్ని సైడ్‌బోర్డ్ అన్నాడు, నియోక్లాసికల్ అన్నాడు. పాత గ్రీకు గుళ్ళలోని బొమ్మల తీరును చూసి చేతితో వేసిన రంగులమ్మా అని విడమరిచి చెప్పాడు. లేత ఆకుపచ్చ చెక్క మీద ఆకుల దండలు, కూజాలు, ఒక్కో తలుపు మీద ఒక్కో ఆడమనిషి. చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. ఇన్నేళ్ళూ మంచాలకూ కుర్చీలకూ పాలిష్ కొట్టిన చేతికి ఇలాంటిది దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు.

అయితే ఆ గ్రీకు ఆడవాళ్ళు ముగ్గురూ రవికెలు తొడుక్కొని ఉన్నారు. నీలం, ఎరుపు, పసుపు. నుదుట రూపాయంత బొట్లు, చేతినిండా గాజులు.

"మా అత్తమ్మ ఏపిచ్చింది," అంది టీచరమ్మ నవ్వాపుకుంటూ. "పిల్లను సూడనీకి వచ్చేటోళ్ళ ముందర గా భుజాలు కనవడే ఆడోళ్ళు ఎట్ల అని. కొనేటాయన అసలు బొమ్మలే గావాల్నంటుండు. పై రంగు తీసెయ్యి బిడ్డా. శుక్రారం బండి వస్తది."

మొదటి తలుపు మీద వేడినీళ్ళలో పిండిన గుడ్డ పరిచానో లేదో, నీలం రవికె ఉడికిన ఆలుగడ్డ పొట్టులాగ లేచి వచ్చింది. కింద తెల్లటి భుజం, జారిన పైట, సన్నటి వేళ్ళు. ఎక్కడా చెదరలేదు. రెండో తలుపూ అంతే. పాత రంగును ఇంత శుభ్రంగా విప్పగల మనిషి ఈ జిల్లాలో ఇంకొకరు లేరనుకొని మురిసిపోయాను. నన్ను పొగుడుకున్నంతసేపూ ఆ రవికెలు వేసినవాణ్ణి తిట్టాను. "ఇంత మందం ఏస్తడా ఎవడన్న? ఈని చేతులు పడిపోను," అంటూ ఆ పొట్టంతా ఊడ్చి చెత్తలో వేశాను.

గురువారం పొద్దున మూడో తలుపు ముందు కూర్చున్నాను. ఇక్కడ ఆ మనిషి రవికెతో ఆగలేదు. పసుపు రవికె మీద ముఖం కూడా కొత్తగా వేశాడు. తిట్టడానికి నోరు తెరిచి, తడిగుడ్డ చేతిలో పట్టుకొని దగ్గరికి వంగాను. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలున్నాయి. మా వైపు చాలామంది ఆడవాళ్ళకు ఉంటాయిలే అనుకున్నాను. ఎడమ కనుబొమ మధ్యలో చిన్న తెగిన గీత కూడా ఉంది. ఆ గీత మా అమ్మది, చిన్నప్పుడు గడప మీద పడితే అయింది. గుడ్డ బకెట్లో పడేసి, దుకాణం అట్లాగే వదిలేసి ఇంటికి పరుగెత్తాను.

మా నాయన ఈ ఊళ్ళో దుకాణాలకు బోర్డులు రాసేవాడు. కుంచె పట్టడం నాకు నేర్పింది ఆయనే. అక్షరాలే తప్ప బొమ్మలు వేయగా నేనెన్నడూ చూడలేదు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులన్నీ పోయాయి, తర్వాత ఆయనా పోయాడు. ఆయన చేతిరాత ఊళ్ళో ఒక్క గోడ మీదైనా మిగల్లేదు.

అమ్మ నా వెంట దుకాణానికి వచ్చి బీరువా ముందు చతికిలబడింది. వేలితో తన కనుబొమ తడుముకుంది.

"ఇది నేను గదనే," అంది.

తర్వాత చెప్పింది. నేను పుట్టకముందు ఆయన కోహీర్‌లో పది రోజులు పనికి పోయాడట. "పోయి ఏం జేసినవ్ అంటే, ముగ్గురు ఆడోళ్ళకు రవికెలు తొడిగొచ్చిన అన్నడు. నాకు మండింది. బొమ్మలకే అని ఒట్టు వెట్టుకున్నడు, నేను నమ్మలే. వారం దినాలు తిట్టుడే తిట్టుడు. పనికి పోయేముందు తుమ్మజిగురు గుడ నాతోనే దంచిపిచ్చుకున్నడు."

"జిగురెందుకే?"

"కింద బొమ్మ ఎవరో పానం వెట్టి ఏసిన్రట. నడుమ జిగురు పూస్తే, రేపెవరన్న పై రంగు తీసినా దానికి దెబ్బ తగలదన్నడు."

వారం నుంచి నా గొప్ప అని మురిసిందంతా ఆయన ముందుచూపు. ఆ జిగురు తడికి కరిగినందుకే పొట్టు లేచింది. మరి ఈ మూడోది ముక్కలు కాకుండా ఒకే పొరగా లేస్తే? ఆలోచన రాగానే మళ్ళీ కాలు నిలవలేదు. టీచరమ్మకు ఫోన్ చేసి అడిగాను. "ఉంచుకో బిడ్డా, పొట్టు నాకెందుకు? అసలు బొమ్మకు మాత్రం ఏం గావద్దు," అంది.

తలుపు ఊడదీసి బల్ల మీద పడుకోబెట్టాం. అంచుల చుట్టూ వేడి తడిగుడ్డలు పెట్టాను, చల్లారితే అమ్మ మార్చింది. సన్నటి రేకును రంగుపొర కిందికి తోస్తూ వెళ్ళాను. చినిగితే మళ్ళీ వేసేవాడు లేడు. నేను తొందరపడుతుంటే అమ్మే కసిరింది, "జర నిమ్మలంగ. నా ముఖమే అది." నేను తిట్టిన ఆ మందమే కాపాడింది. మోచెయ్యి దగ్గర ఒక్క పగులు తప్ప, బొమ్మలోని అమ్మ మొత్తంగా లేచి, నేను సిద్ధంగా పెట్టిన చెక్క పలక మీదికి జారింది. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం.

కింద అసలు బొమ్మ తళతళలాడుతోంది. అమ్మ దాన్ని ఎగాదిగా చూసి, "మంచిగనే ఉన్నది. సలి వెడుతదేమో పాపం," అంది.

శుక్రవారం బండి వచ్చి బీరువాను తీసుకుపోయింది. బొమ్మను అతికించిన పలకను ఇంట్లో అమ్మ కూర్చునే చోటుకు ఎదురుగా గోడకు కొట్టాను. మేకు దిగాక అమ్మ వచ్చి దాని ముందు కూర్చుంది.

"నిజమే జెప్పిండు గదనే," అంది. "వారం దినాలు నేను తిట్టిన. వారం దినాలు నువ్వు తిట్టినవ్. ఉత్తగనే తిట్టినం."