మెత్తగా నూరకూడని మసి

మా ప్రయోగశాలలో నాకంటే సీనియరైన అక్క సత్యవేడులో కామెర్లతో పోయిందని వాళ్ల తమ్ముడు రాసిన కార్డు సోమవారం వచ్చింది. చదివి ఏడ్చాను. ఆమె బతికుండగా ఆమెను చూసి ఓర్వలేకపోయిన సంగతి కూడా చెప్పకపోతే ఆ ఏడుపు సగం అబద్ధమవుతుంది.

తిరుపతిలో మేమిద్దరం ఒకే బల్ల దగ్గర పనిచేశాం. ప్లాస్టిక్ గింజల్లో కార్బన్ మసి కలిపి, అచ్చులో వేసి, వేడి మీద నొక్కి బిళ్ళలు చేస్తాం. వాటిలో కరెంటు పారుతుందేమో చూస్తాం. ఆమె బిళ్ళ పెడితే మీటరు ముల్లు లేచేది. అవే పాళ్ళతో చేసిన నా బిళ్ళకు కదిలేదే కాదు. రోజంతా మసిలో ఉన్నా ఆమె చీరకు మరక అంటేది కాదు. అదీ నాకు కంటగింపే.

మా ఇంట్లో బడికెళ్ళి చదువుకున్నది నేనొక్కదాన్నే. ఆ నెలలో ఫలితం రాకపోతే వేరే దారి చూసుకోమన్నారు మా ప్రయోగశాల నడిపే సార్. నాకున్న వేరే దారి మా నాయన వెంట వేరుశనగ చేలోకే.

అందుకని, కలిపే ముందు మసిని ఇంకా మెత్తగా నూరాను. పిండి పలుకు తగిలితే మా అమ్మ ఊరుకునేది కాదు. ఆ అలవాటుకొద్దీ మసినీ గింజలనూ కల్వంలో వేసి గంటలకొద్దీ నూరేదాన్ని. అక్క ఏదో దాస్తోందని నా అనుమానం. ఒకరోజు ఆమే నా చేయి పట్టుకుని ఆపింది.

“పాపా, దోసెలకు రుబ్బతా ఉండావా? మసి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకోనుంటేనే కరెంటు పోయేది. నువ్వు నూరి నూరి ఆ చేతులు ఇరగ్గొడతా ఉండావు. గింజల పైన అంటుకునేట్టు కలుపు, సాలు.”

నా పని చెడగొట్టడానికే అనుకున్నాను. ఆమె ఊరెళ్ళినప్పుడు చాటుగా అలాగే కలిపి చూశాను. ముల్లు లేచింది. మర్నాడు సార్‌ను పిలిచి చూపించి, ఎక్కువ నూరడమే తప్పని నేనే కనిపెట్టానన్నాను. అప్పుడే బస్సు దిగి వచ్చిన అక్క గుమ్మంలో నిలబడి ఉంది. నీకీ సంగతి ముందే తెలుసా అని సార్ ఆమెను అడిగారు.

“నాది చేతి అలవాటు సార్. ఎందుకో తెల్దు. ఈ పాపే కనుక్కొన్నాది.”

కృతజ్ఞత కంటే ముందు నాలో అసూయే లేచింది. ఆ మాట అనగలిగే మనసు కూడా ఆమెకే ఉండాలా అని. ఆ తర్వాత రెండేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. నిజం చెప్పలేకపోయాను. సార్‌కు ఈ వారమే చెప్పాను.

ఆ రోజు అక్క సంచి దించి, ఇంటి నుంచి తెచ్చిన మామిడి తాండ్ర విరిచి నా చేతిలో పెట్టింది. తర్వాత మీటరు మీదికి వంగి, నా బిళ్ళకు లేచిన ముల్లును తన బిళ్ళదే అన్నట్టు మురిపెంగా చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయింది.