ఎడమ జేబులో పురుగు

సైన్సు చెప్పే ఇన్నాసి మాస్టారి కుడి జేబులో పొడుం డబ్బా, ఎడమ జేబులో పురుగులు వేసుకునే ఖాళీ పొడుం డబ్బా ఉంటాయి. ఆదివారం గుడిలో పూజ కాగానే సైకిలెక్కి చాట్రాయి అడవికి పోతారు. తునికి చెట్ల కింద మోకాళ్ల మీద కూచుని, కుళ్లిన ఆకుల్ని చీపురుపుల్లతో కదుపుతారు. నాలుగేళ్లు వెతగ్గా, అరవై రెండు వానల్లో తడిశాక, ఓ ఆదివారం ఒక్క కొత్త పురుగు దొరికింది. వడ్లగింజంత ఒళ్లు, పొట్టి రెక్కలు, ముట్టుకుంటే తేలులా తోకెత్తుతుంది. ఏ పుస్తకంలోనూ దాని బొమ్మ లేదు.

మర్నాడు సోమవారం స్టాఫ్ రూములో తెలుగు పంతులుగారు పొడుం అడిగితే, పేపర్లు దిద్దుతూ ఎడమ జేబులోంచి డబ్బా తీసిచ్చారు. పంతులుగారు చిటికెడు తీసి, ముక్కుదాకా తెచ్చి ఆగారు.

“ఇన్నాసిగారూ, ఈ పొడుం కదులుతోందండీ.”

మాస్టారు ఆ వేళ్ల కింద దోసిలి పట్టారు. భూతద్దంలో చూసుకుని, ఊపిరి వదిలి, కుర్చీలో వెనక్కి వాలారు.

“ప్రమాదమేమీ లేదు కదండీ?” అన్నారు పంతులుగారు ముక్కు తుడుచుకుంటూ.

“లేదండీ. ఆరు కాళ్లూ ఉన్నాయి.”