తల వైపు గుచ్చిన అగ్గిపుల్ల

“పొగగొట్టం మూత తొందరగా మూస్తే విషగాలి, ఆలస్యంగా మూస్తే చలి. ఈ రెంటిలో ఏది ముందు నా పిల్లని పట్టుకుంటుందో చెప్పు పెద్దమ్మా.”

నేనీ మాట అన్నప్పుడు లుద్వికా పెద్దమ్మ మా కిటికీ సందులకి కాగితం పట్టీలు అంటిస్తోంది. ఒక చేతిలో పిండి జిగురు గిన్నె, ఇంకో చేతిలో కుంచె. వెనక్కి తిరగకుండానే, “ముందు నీ భయం పట్టుకుంటుంది. ఆ పట్టీ ఇటివ్వు,” అంది.

నేను మా ఊరు వర్నియాయ్ బడిలో రసాయనశాస్త్రం చెబుతాను. బొగ్గు సరిగ్గా కాలకపోతే పుట్టే గాలి నెత్తుట్లో చేరి ఏం చేస్తుందో పిల్లలకి బోర్డు మీద గీసి చూపిస్తాను. ఆగస్టులో నా కూతురు ఉర్తే పుట్టాక ఆ బొమ్మ నా కళ్ల ముందు నుంచి కదల్లేదు. మాది సరస్సు ఒడ్డున పాత చెక్క ఇల్లు. ఉన్నది ఒకటే ఇటుక పొయ్యి. కట్టెలు కాలి నిప్పులయ్యాక గొట్టం మూత మూస్తేనే వేడి గదిలో నిలుస్తుంది. నిప్పుల మీద నీలం మంట ఆరకముందే మూస్తే ఆ విషగాలి గదిలో నిండుతుంది. ఆ మూతని లాగే గొలుసు పట్టుకుని పదేపదే నిప్పుల్లోకి తొంగి చూసేదాన్ని.

పైగా ఆ ఏడు మాకు కట్టెలు తక్కువ. మా ఆయన వైడోటస్ ఎంత తిరిగినా పచ్చి కట్టెలు తప్ప దొరకలేదు. ఉన్నవి మహా అయితే ఫిబ్రవరి దాకా వస్తాయి. చలి ముందే వచ్చి ముందే పోతే ఎలాగో నెట్టుకొస్తాం. మార్చి దాటితే కష్టం. అప్పుడు తెల్షియాయ్ పట్నంలో మా అత్తగారి ఫ్లాటే దిక్కు. అక్కడ గోడల్లో వేడినీళ్ల గొట్టాలున్నాయి, నిజమే. కానీ ఆ ఒంటి గదిలోనే మా మరిది కొడుకు కోరింత దగ్గుతో ఉన్నాడు. నెలల పిల్లకి ఆ దగ్గు అంటుకుంటే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. వెళ్లేదుంటే మంచు దారి మూయకముందే వెళ్లాలి. అందుకే నాకు లుద్వికా పెద్దమ్మ మాట కావాలి.

ఆమె మాకు చుట్టం కాదు. ఊరంతా పెద్దమ్మ అనే పిలుస్తుంది. వాళ్ల నాన్న ఇంటింటికీ వెళ్లి పందులు కోసేవాడు. కొడుకులు లేకపోవడంతో పంది నెత్తురు పట్టే గిన్నె పట్టుకోవడం ఈమె వంతయింది. తర్వాత సమష్టి వ్యవసాయ క్షేత్రం వాళ్ల పందుల కొట్టంలో పనిచేసి, అది మూతపడ్డాక ఇళ్లకి వెళ్లి పేగులు కడిగి, వాటిలో మాంసం కూరి సాసేజీలు చేసేది. పంది కడుపు పక్కన పొడుగ్గా నాలుకలా ఉండే తిల్లిని, అదే ప్లీహాన్ని, చూసి చలికాలం చెప్పడం నాన్న దగ్గరే నేర్చుకుంది. తల వైపు చివర లావుగా ఉంటే చలి మొదట్లో బిగుస్తుంది. తోక వైపు లావుంటే చివర్లో. చదువుకున్న నేను దాన్ని నమ్మేదాన్ని కాదు. కానీ ఉయ్యాలలో పిల్ల ఉన్నప్పుడు, నమ్మనిదాన్ని కూడా ఓసారి అడిగి చూద్దామనిపిస్తుంది.

చిక్కేమిటంటే, ఆమె కొన్నేళ్లుగా చెప్పడం మానేసింది. తిల్లి బయటికి రాగానే కుక్కకి విసిరేసేది. అడిగితే కళ్లు సరిగ్గా ఆనడం లేదనేది. అదే కళ్లతో సన్నటి సూదిలోకి దారం ఎక్కించేది.

నవంబరు చివర్లో మా ఊరి రైతు జెనోనస్ ఇంట్లో పందిని కోశారు. నేనూ సాయానికి వెళ్లాను. పెరట్లో మగవాళ్లు పందిని గడ్డి మంటతో కాలుస్తుంటే, నేనూ పెద్దమ్మా పశువుల కొట్టంలో గోరువెచ్చటి నీళ్లలో పేగులు కడుగుతున్నాం.

“ఇవాళ ఒక్కసారి చూడు పెద్దమ్మా. నాకోసం.”

“నీకోసం పేగులు కడుగుతున్నా కదా.”

“ఉర్తే కోసం.”

ఆమె చేతులు నీళ్లలో ఆగిపోయాయి. పాల క్యాను పట్టుకుని వాకిలి దాటుతున్న జెనోనస్ భార్య అడోల్ఫినా వైపు గడ్డంతో చూపించింది.

“ఆవిడ నడక చూశావా?”

చూశాను. ఎడమ కాలు కాస్త ఈడుస్తుంది. చలికి కాలి వేళ్లు పోయాయని ఊరందరికీ తెలుసు.

“అది నా పని.”

గొంతు తగ్గించి చెప్పింది. కొన్నేళ్ల కిందట ఇదే పెరట్లో తిల్లి బల్ల మీంచి జారి మంచులో పడింది. ఎవరో తీసి గిన్నెలో వేశారు. గిన్నె తన ముందుకొచ్చేసరికి ఏ చివర తల వైపుదో, ఏ చివర తోక వైపుదో తెలియలేదు. చుట్టూ జనం. అందరి కళ్లూ తన నోటి మీదే. తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. అంతటి నాన్న కూతురు తెలియదంటుందా అనుకుంది. “మొదట్లోనే గట్టిగా పడుతుంది, తర్వాత మెత్తబడుతుంది,” అని చెప్పేసింది. డిసెంబరు అలాగే గట్టిగా గడిచింది. జనవరిలో జెనోనస్ ధైర్యం చేసి మిగిలిన ఎండుగడ్డిలో సగం అమ్మేశాడు. మార్చిలో మంచు విరుచుకుపడింది. జెనోనస్ జ్వరంతో మంచాన ఉంటే, అడోల్ఫినా పక్క పల్లెకి బండి లాక్కుంటూ గడ్డికోసం వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు మంచులో దారి కనపడక చాలాసేపు తిరిగింది. మేత లేక ఒక ఆవు చచ్చింది. ఆవిడ కాలి వేళ్లు రెండు పోయాయి.

“లెక్క తప్పిందని అందరితో చెప్పాను. అసలు లెక్కే లేదని ఎవరికీ చెప్పలేదు. ఆవిడ ఇప్పటికీ నాకు పాలు తెచ్చిస్తుంది. తాగుతూనే ఉన్నా.”

నేను పేగు తిరగేసి మళ్లీ కడిగాను.

మధ్యాహ్నానికి వంటింట్లో చేరాం. అడోల్ఫినా పొయ్యి దగ్గర ఉల్లిపాయలతో కార్జం వేయిస్తోంది. జెనోనస్ కంచం పట్టుకుని లోపలికొచ్చి పెద్దమ్మ ముందు పెట్టాడు. కంచంలో తిల్లి, దాని ఒక చివర గుచ్చిన అగ్గిపుల్ల.

“పుల్ల ఉన్నది తల వైపు. పంది లోపల ఉండగానే గుచ్చాను.”

పెద్దమ్మ ఆ పుల్లనే చూస్తూ, “ఎందుకు గుచ్చావు?” అంది.

“ఎందుకో నీకు తెలుసు. ఆ రోజు మంచులోంచి తీసి గిన్నెలో వేసింది నేనే కదా. ఏ చివర ఎటో నాకూ తెలీదు.”

“మరి అప్పుడే అనొచ్చుగా ముసలాడా.”

“గడ్డికి మంచి బేరం వచ్చి ఉంది. నువ్వు నాకు కావలసిన మాటే చెప్పావు. ఇంక ఎందుకు అడుగుతాను?”

మూకుడులో నూనె చిటపటలాడుతోంది. అడోల్ఫినా ఇటు తిరగలేదు.

“ఇన్నాళ్లూ నా వేళ్లని చలి తినేసిందనుకున్నా,” అంది. “మీరిద్దరూ చెరో వేలు పంచుకున్నారన్నమాట.”

జెనోనస్ నవ్వబోయి ఆగిపోయాడు. పెద్దమ్మ లేచి నిలబడింది.

“అడోల్ఫినా, నేను...”

“నోరు తెరవడానికి నీకు ఇన్నేళ్లు పట్టింది. నాకూ కొంచెం పట్టనీ. కూర్చో, కార్జం చల్లారిపోతుంది.”

పెద్దమ్మ కూర్చుంది. తినలేదు. జెనోనస్ తెచ్చిన కంచం తన వైపు లాక్కుని తిల్లిని వేలితో తడిమింది. తోక వైపు లావుగా ఉందని నాకు కూడా కనిపిస్తోంది.

“మా నాన్నయితే చలి మార్చి దాటుతుందనేవాడు,” అంది నాతో. “నిజంగా దాటుతుందో లేదో నాకు తెలీదు. దగ్గున్న ఇంటికి మాత్రం పిల్లని తీసుకెళ్లకు. కట్టెలు అయిపోయాక ఉయ్యాల ఎత్తుకుని మా ఇంటికొచ్చెయ్. ఒక పొయ్యి మనకి చాలు.”

“ఇంట్లో పిల్ల ఏడుపు వింటే ముసలిదానికి నిద్ర పట్టదు,” అన్నాడు జెనోనస్.

“ఇప్పుడు పడుతోందనుకున్నావా?” అంది పెద్దమ్మ.

ఫిబ్రవరిలో కట్టెలు అడుగంటాక నేనూ ఉర్తే ఆమె ఇంటికి చేరాం. వారమంతా పనిలో ఉండే వైడోటస్ శని, ఆదివారాలు వచ్చి మంచు తోడేవాడు. అడోల్ఫినా రోజూ పాలు తెచ్చేది. ఆమే పెద్దమ్మా వాతావరణం గురించి, ఈనబోయే ఆవు గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ వేళ్ల సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. అడోల్ఫినా గడప దాటగానే పెద్దమ్మ ఆమె ఉన్ని బూట్లు తనే విప్పి, మంచు దులిపి, పొయ్యి గోడకి ఆనించేది. ఎడమ బూటు ఎప్పుడూ గోడకి దగ్గరగా. “నాకు చేతులున్నాయి,” అనేది అడోల్ఫినా మొదట్లో. తర్వాత్తర్వాత ఏమీ అనకుండా కాళ్లు చాపేది. క్షమించిందో లేదో నాకు తెలీదు. పెద్దమ్మకీ తెలిసినట్టు లేదు. అడోల్ఫినా వెళ్లేటప్పుడు, వీధి మలుపు తిరిగేదాకా పెద్దమ్మ కిటికీ దగ్గర నిలబడి ఆ కాలి వైపే చూసేది.

ఉర్తేకి ఇప్పుడు మూడేళ్లు. మేం మా ఇంట్లోనే ఉంటున్నాం. ప్రతి సాయంత్రం గొలుసు పట్టుకున్నప్పుడు, పెద్దమ్మ ఇంట్లో మా మొదటి సాయంత్రం గుర్తొస్తుంది. ఆ రోజు ఆమె పిల్లని ఒళ్లో వేసుకుని, మూత పని నాకు అప్పజెప్పింది.

“నిప్పుల మీద నీలం మంట ఇంకా ఆడుతోందా?”

“లేదనుకుంటా.”

“అనుకుంటున్నావా, తెలుసా?”

నేను వంగి మళ్లీ చూశాను. బూడిద కింద ఏదో మెరిసినట్టూ ఉంది, మెరవనట్టూ ఉంది.

“తెలీదు పెద్దమ్మా.”

“తెలీకపోతే మూయకు. ఇల్లు చల్లబడితే చల్లబడనీ. పిల్లకి ఇంకో దుప్పటి కప్పు.”