మా ఇంట్లో ఆడిన టీవీ నాటకం

ఆ నాటకం రాసిందెవరో నాకు తెలియదు. టీవీలో పేర్లు పడుతున్నంతసేపూ మా వీధివాళ్ళం చోటు కోసం కొట్టుకుంటూ ఉండేవాళ్ళం, ఎవరూ చదివిన పాపాన పోలేదు. ఆయన ఇప్పుడు నాకు ఎదురుపడితే ఏం చేస్తానో చెప్పలేను. ముసలాయన అయిపోయి ఉంటాడు కాబట్టి కుర్చీ వేసి మంచినీళ్ళు ఇస్తానేమో. ఆ తర్వాత మాత్రం మా చెల్లెలి నుదుటి మీది మచ్చ చూపించి, ఇది మీరు చేసిందేనండీ అంటాను. మెత్తగా అనను.

నరసరావుపేటలో మాది దూదేకుల కుటుంబం. సాయిబులమే అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాన్న పరుపులు, దిండ్లు కుట్టేవాడు. పత్తి తీతలు అయిపోయాక దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పల్లెల మీదికి వెళ్ళేవాడు. అక్కడి అరుగుల మీదే పాత పరుపులు విప్పి, ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చి, రెండు మూడు రోజులకు ఇల్లు చేరేవాడు. అమ్మ ఇంటి దగ్గర దిండ్లకు తొడిగే గలీబులు కుట్టేది. నేను హైస్కూల్లో ఉన్నాను. చెల్లికి ఏడెనిమిదేళ్ళుంటాయి.

చెల్లికి మాట రాలేదు. చెవులు బాగానే పనిచేసేవి. వీధి చివర ఐసుబండి గంట మా అందరికంటే ముందు దానికే వినపడేది. పేరు పెట్టి పిలిస్తే మాత్రం తిరిగి చూసేది కాదు. మునివేళ్ళ మీద నడిచేది. సంతోషం వేస్తే రెండు చేతులూ గబగబా ఆడించేది. ఏకిన దూది గుట్టలో మోచేతుల దాకా చేతులు పెట్టుకుని, అన్నం వేళ దాటిపోయినా కదలకుండా కూర్చునేది. ఏదైనా కావాలంటే అడగదు, వేలితో చూపించదు. అమ్మ చెయ్యి పట్టుకుంటుంది. మణికట్టు దగ్గర పట్టి లాక్కుపోయి, ఆ చేతిని తీసుకెళ్ళి నీళ్ళకుండ మీద పెడుతుంది. ఆకలైతే గిన్నె మూత మీద పెడుతుంది. తల దువ్వించుకోవాలంటే దువ్వెన మీద. నా చెయ్యి ఎప్పుడూ పట్టుకోలేదు, నాన్నదీ పట్టుకోలేదు. నాకు ఆ విషయంలో అమ్మంటే కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది.

దీన్ని ఆటిజం అంటారని నాకు తెలియడానికి చానా ఏళ్ళు పట్టింది. అప్పట్లో బలం మందు తాగించారు, దర్గాలో తాయెత్తు కట్టించారు, ఎదురింటి పిన్ని కోటప్పకొండకు మొక్కుకుంది. ఇవన్నీ అయ్యాక వీధి దాన్ని దాని మానాన వదిలేసింది. "దాని లోకం దానిదిలే" అనేవాళ్ళు. రిక్షా వస్తుంటే పక్కకు లాగేవాళ్ళు. ఎవరింట్లోకైనా చొరబడి మూల కూర్చుంటే చేతిలో అరటిపండు పెట్టి ఇంటికి పంపేవాళ్ళు. ఆ వీధిలో ఆ పిల్ల అట్లా బతికేసేది. ఇంతకంటే గొప్ప ఏర్పాటు ఇప్పటి పట్నాల్లో కూడా నేను చూడలేదు.

అప్పుడు టీవీ వచ్చింది. ఎదురింటి పిన్ని వాళ్ళకు పత్తి వ్యాపారం. పిన్ని అంటే చుట్టం కాదు, వీధి వరస. వాళ్ళ డాబా మీద యాంటెన్నా లేచిన రోజు నుంచి సాయంత్రాలు మేమంతా వాళ్ళ నడవలోనే. చెల్లికి కార్యక్రమాలు పట్టేవి కావు. అవి మొదలయ్యే ముందు తెర మీద కదిలే చుక్కలూ, ఆ హోరూ దానికి ప్రాణం. పిన్ని దాని కోసమే కాస్త ముందుగా టీవీ పెట్టేది. "మా బంగారుతల్లి సినిమా ఇదే" అని నవ్వేది. చెడ్డ మనిషి అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు, నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

ఆ నాటకం వారం వారం వచ్చేది. అందులో ఒక పిచ్చిపిల్ల. నిజానికి పిల్ల కాదు, పాతికేళ్ళ నటికి పరికిణీ కట్టి, జుట్టు విరబోసి, కళ్ళ కింద కాటుక పులిమారు. నోటి వెంట చొంగ. మట్టి తినేది, కోడిపిల్లను నలిపి చంపేది, ఊరికే పకపకా నవ్వేది. అంతవరకూ అయితే ఓర్చుకునేదాన్ని. కానీ ఆ నటి మునివేళ్ళ మీద నడిచేది. చేతులు గబగబా ఆడించేది. పిలిస్తే తిరిగి చూసేది కాదు. అంటే ఆ రాసినాయన మా చెల్లిలాంటి పిల్లను ఎక్కడో చూశాడు, దగ్గరగానే చూశాడు. చూసి, ఆ నడకనూ ఆ చేతులనూ ఎత్తుకుపోయి, వాటికి మట్టినీ చొంగనూ చచ్చిన కోడిపిల్లనూ తగిలించాడు. ఏమీ తెలియక రాసి ఉంటే క్షమించేదాన్ని.

ఇప్పటి సీరియళ్ళు మారాయంటారు. మారాయి, ఎందుకు మారలేదు! ఇప్పుడు ఆటిజం అనే మాట పలుకుతున్నారు. ఆ పిల్లవాడు పెద్ద పెద్ద లెక్కలు నోటితోనే కట్టేస్తాడు, లేకపోతే చిరునవ్వు నవ్వుతూ ఇంట్లో తగాదాలన్నీ తీర్చేస్తాడు. పొద్దస్తమానం ఒకే డబ్బా మూత తిప్పుకుంటూ కూర్చునే పిల్ల, లెక్కలూ రాని, దేవతా కాని మామూలు పిల్ల ఇప్పటికీ వాళ్ళకు పనికిరాదు. చివరి వారానికల్లా బాగైపోవాలి, బాగవకపోతే చచ్చిపోవాలి. చూసేవాళ్ళకు కన్నీళ్ళు రావాలి కదా మరి.

మా వీధి పిల్లలు ఆ నటి నడక నేర్చుకున్నారు. నాటకంలో పిచ్చిపిల్ల పేరే చెల్లికి తగిలించారు. నెల తిరిగేసరికి దాని సొంత పేరు మా ఇంట్లో తప్ప ఎక్కడా వినపడలేదు. అరటిపండ్లు ఆగిపోయాయి. కడుపుతో ఉన్న కోడలున్న ఇంటివాళ్ళు చెల్లి వస్తుంటే తలుపు దగ్గరికి వేసేవాళ్ళు, మర్యాదగానే, లోపలేదో పని ఉన్నట్టు.

నాటకంలో తల్లి కడుపుతో ఉండగా గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుంది. అందుకే కూతురు అట్లా పుట్టిందట. ఆ మర్నాడే కుళాయి దగ్గర ఆడవాళ్ళు అమ్మను చుట్టుముట్టారు. "ఏమే, నీ కడుపులో ఇది ఉన్నప్పుడు గ్రహణం పట్టిందా? ఏం ముట్టుకున్నావు నువ్వు?" అమ్మ నవ్వేసింది. "సూది తప్ప నేనేం ముట్టుకుంటానక్కా" అంది.

ఇంటికొచ్చాక ఆ మాటే పట్టుకుని కూర్చుంది. గ్రహణం ఎప్పుడు పట్టిందో, అసలు పట్టిందో లేదో ఆమెకు గుర్తే లేదు. కానీ పరుపులు కుట్టే ఇంట్లో సూది పట్టని రోజు ఉండదు కాబట్టి ఆ రోజూ పట్టే ఉంటానని తేల్చుకుంది. నాన్న కేకలేశాడు. "సూది పట్టకపోతే మనం తినేదేంది? నీకేమన్నా మతి పోయిందా?" అమ్మ వినలేదు. బిడ్డ గతికి కారణం తన చేతి సూదేనని ఆమెను నమ్మించింది, ఎక్కడో కూర్చుని ఎవడో రాసిన ముక్క.

చివరి వారం నాటకంలో తల్లి మెట్ల మీద నుంచి దొర్లిపడి చలనం లేకుండా ఉంటుంది. పిచ్చిపిల్ల చూస్తుంది, వణికిపోతుంది, "అమ్మా!" అని అరుస్తుంది. ఆ అరుపుకు తల్లి కళ్ళు తెరుస్తుంది. ఆ తర్వాత పిల్ల శుభ్రంగా జడ వేసుకుని గడగడా మాట్లాడేస్తుంది. నడవలో ముక్కు చీదని ఆడమనిషి లేదు. ఏడుపు అయ్యాక అందరూ ఒక్కసారే మా చెల్లి వైపు తిరిగారు. అది తలుపు గొళ్ళెం పైకీ కిందకీ ఆడించుకుంటోంది.

పిన్ని ఊరుకోలేదు. మర్నాడే మా ఇంటికొచ్చింది.

"చూశావుగా. ఆ పిల్ల కూడా పుట్టినకాణ్ణుంచి నోరు తెరవలా. తల్లి పోయిందనుకునేసరికి గుండె ఝల్లుమని మాటొచ్చింది. మనమూ ఒకసారి చేసి చూద్దామే."

"అది నాటకం గదక్కా."

"నాటకమైతే మాత్రం? అన్ని ఊళ్ళోళ్ళకు చూపించేది ఊరికే రాస్తారా? పెద్ద పెద్ద డాక్టర్లను కనుక్కునే రాస్తారు. పోయేదేముంది?"

అమ్మ వద్దంది. రెండోసారి అడిగితే సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చుంది. మూడోసారికి ఒప్పుకుంది. నేను అమ్మా అని పిలిచినప్పుడల్లా ఆమె పలికి, వెంటనే చెల్లి వైపు చూసేది. ఆ చూపు నేను ఎన్నిసార్లు చూశానో. "ఒక్కసారి అంటే చాలక్కా. మళ్ళీ అనకపోయినా ఫర్లేదు" అందట పిన్నితో. ఆ ఒక్క మాట కోసం చచ్చినట్టు పడుకోవడానికి సిద్ధపడింది. నాన్న మాచర్ల వైపు పల్లెలకు పోయిన రోజు చూసుకుని ఏర్పాటు చేశారు. దిండ్ల కోసం తెచ్చిన తెల్లగుడ్డ ఇంట్లో ఉంది. అదే కప్పమంది అమ్మ. శవానికి చుట్టే కఫన్ అనే మాట మాత్రం ఎవరూ నోట రానీయొద్దంది.

నాకెవరూ చెప్పలేదు. మధ్యాహ్నం బడి నుంచి అన్నానికి వచ్చేసరికి వాకిలి నిండా చెప్పులు. లోపల ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. చాప మీద అమ్మ, మెడ దాకా తెల్లగుడ్డ, మూసిన కళ్ళు.

"అమ్మా!" అని అరిచాను. కప్పు ఎగిరిపోయేట్టు అరిచాను. పిన్ని పరిగెత్తుకొచ్చి నా నోరు మూసింది.

"నువ్వు కాదే, అది అరవాలి! మీ అమ్మకేం కాలా. గమ్మునుండు" అంది నా చెవిలో. చెయ్యి మాత్రం తియ్యలేదు.

చెల్లి మూలన ఉంది. ఆ ఏడుపుల మోతకు రెండు చెవులూ గట్టిగా మూసుకుంది. కాసేపటికి చేతులు తీసి, మునివేళ్ళ మీద చాప దగ్గరికి వచ్చింది. అమ్మ ముఖం వైపు చూడలేదు. తెల్లగుడ్డ కింద తడిమి మణికట్టు దొరకబుచ్చుకుంది. లాగింది. చెయ్యి లేచి, జారి చాప మీద పడిపోయింది. ఆడవాళ్ళు ఏడుపు ఆపి ముందుకు వంగారు. "ఇప్పుడంటది చూడు, ఇప్పుడంటది" అని గుసగుసలు. చెల్లి మళ్ళీ లాగింది. మళ్ళీ పడిపోయింది. ఆ చేతిని రెండు చేతులతో ఎత్తి తన తల మీద పెట్టుకుంది. అదీ జారిపోయింది. అమ్మ కనురెప్పలు అదురుతున్నాయి, నాకు కనపడుతూనే ఉంది. అయినా చెయ్యి బిగించలేదు. ఇంకొక్క క్షణం ఆగితే ఆ మాట వినపడుతుందేమోనని ఆగింది.

చెల్లి లేచి వెళ్ళి నీళ్ళకుండ కింది నాపరాతి గట్టుకు నుదురు కొట్టుకుంది. నోటి వెంట చిన్న మూలుగు కూడా లేదు. మళ్ళీ కొట్టుకుంది. రాయి మీద నెత్తురు కనపడింది. అప్పుడు కూడా ఎవరో "ఆగండే, ఇంకొంచెం ఆగండి, వచ్చిద్ది" అన్నారు. ఆ గొంతు ఎవరిదో తెలియకపోవడమే మంచిదైంది. నేను పిన్ని చెయ్యి కొరికాను. అమ్మ తెల్లగుడ్డ తన్నేసి లేచి, చెల్లిని వాటేసుకుంది. చెల్లి కర్రలా బిగుసుకుపోయింది. ఏకిన దూది తెచ్చి దాని నుదుటి మీద అదిమి పట్టుకున్నది నేనే.

నాన్న మర్నాడు వచ్చాడు. కట్టు చూశాడు, సంగతి విన్నాడు. అమ్మను ఒక్క మాట అనలేదు. విల్లు కూడా దించకుండా పిన్ని వాళ్ళ అరుగు దగ్గరికి వెళ్ళి వీధి వీధంతా వినేట్టు అరిచాడు. "మా పిల్ల మాట్లాడకపోతే మీకొచ్చిన నష్టమేంది? మిమ్మల్ని తిట్టిందా, కొట్టిందా? ఆ పెట్టెలో ఎవతో అరిచిందని నా పెళ్ళాన్ని శవాన్ని చేస్తారా?"

పిన్ని ఏడ్చింది. "మంచికే చేశాం తమ్ముడూ" అంది. నిజమే, మంచికే చేసింది. ఆ 'మంచికే' అనే మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది.

నాలుగు రోజుల పాటు అమ్మే గ్లాసు నోటికి పెట్టి తాగించింది. ఐదో రోజు చెల్లికి దాహం వేసింది. వేసినప్పుడల్లా అమ్మ దగ్గరికి వచ్చేది కదా, రాలేదు. తనే కుండ దగ్గరికి వెళ్ళి, మూత తీసి, గ్లాసు ముంచుకుని తాగింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చేయని పని అది. వాకిట్లో నుంచి చూసిన ఒకామె వీధంతా చాటింది. పిన్ని పరుగున వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. "చూశావా! పనిచేసింది! తెలివొచ్చింది దానికి. మాట కూడా నిదానంగా వచ్చిద్ది" అంది. మా ఇంట్లో జరిగింది మందు కింద మారిపోయింది. ఇంకో పేటలో ఇట్లాంటి పిల్ల ఉన్నవాళ్ళకు కూడా చెప్పి పంపారట, మీరూ చేసి చూడండి అని.

అమ్మ కుండ పక్కన చతికిలబడి కూర్చుంది. చెల్లి నీళ్ళకు వచ్చినప్పుడల్లా అమ్మ తన మణికట్టు పైకి పెట్టి చెయ్యి చాచేది. ఆ రోజూ, మర్నాడూ, ఆ ఎండాకాలమంతా.

"నాకు మాటొద్దులేవే తల్లీ. పట్టుకో, చాలు" అనేది.

చెల్లి ఆ చేతిని చూసేది. చూసి, దానికి తగలకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, నీళ్ళు తనే ముంచుకునేది.