బరువు లేకుండా వంగిన దూలం

ఈ రోజు కంప్యూటర్లో ఒక దూలం వంగడం చూశాను. భద్రాచలం వైపు ఇళ్లకు నలభై ఏళ్లు దూలాలు ఎక్కించిన వడ్రంగిని కాబట్టి నాకు అనుమానం వచ్చింది.

మా కోడలు ఖమ్మంలో ఎం.టెక్. చదువుతోంది. తను కంప్యూటర్లో చేసిన ఈ దూలం బొమ్మను రేపు ప్రాజెక్టు సారుకు చూపించాలి. వెంట్రుక కన్నా సన్నని దూలం, ఒక్క కొసనే బిగించిందట, కింద ఒక రేకు. రెండింటి మధ్య వోల్టేజీ ఇస్తే రేకు దూలాన్ని లాగుతుందట.

"మీద బరువేదమ్మా?" అన్నాను.

"బరువు లేదు మామయ్యా. గిట్ల ఈ పాత డబ్బా మానిటర్ అద్దం దగ్గర చెయ్యి పెట్టుండ్రి."

పెట్టాను. చేతి మీది వెంట్రుకలు నిక్కాయి.

"గా గుంజుడే దూలాన్ని వంచుతది."

గుంజుడు నమ్మాను, బొమ్మను నమ్మలేదు. కోడలికి తప్పు చెప్పాలంటే మొహమాటం. రెండుసార్లు వాకిట్లోకి పోయి వచ్చి, చివరికి అడిగేశాను.

"ఒక్క కొసనే బిగించిన అంటివి. మరి నడుమ వంగిందేంది? రెండో కొస గదా కిందికి రావాలె?"

ఆమె తెర మీద కొసలు రెండూ సరిచూసింది. "అయ్యో, రెండు కొసలూ బిగించిన మామయ్యా! రేపు సారు ముందు పరువు పోతుండె."

సరిచేసి బొమ్మను మళ్లీ నడిపితే విడి కొస కిందికి దిగింది.

"ఇప్పుడన్న నమ్ముతరా?" అని నవ్వింది. తల ఊపాను.

కానీ కంటికి కనిపించనంత సన్నని దూలాన్ని ఎవరు చెక్కుతారు, ఏ ఉలితో? మీలో ఎవరైనా చూసి ఉంటే చెప్పండి. కోడలిని మళ్లీ అడగాలంటే మొహమాటంగా ఉంది.