గ్లాసెడు నీళ్ళ కందగడ్డలు

కందగడ్డలు, అదే చిలగడదుంపలు, ఉడకబెట్టే విషయంలో నాతో వాదనకు దిగొద్దు. గ్లాసెడు నీళ్ళు చాలు. గడ్డలు మునిగేదాకా పోస్తే తీపంతా నీళ్ళపాలై, చప్పటి ముద్ద మిగులుతుంది.

స్టేషన్ ఘన్‌పూర్ పక్కన మా పుట్టింట్లో కుండ అడుగున వరిగడ్డి పరిచి, గ్లాసెడు నీళ్ళు పోసి, పైన గడ్డలు పేర్చి, తడిబట్ట కప్పి మూత పెడతారు. పెళ్ళయి సుబేదారిలోని అత్తగారింటికి వచ్చాక మొదటి శివరాత్రికి మా అత్తమ్మ గడ్డల్లో నీళ్ళు పోయడానికి బిందె ఎత్తబోతుంటే ఆపాను. పొద్దంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. ఒక్కపొద్దు విడిచేది ఆ గడ్డలతోనే. అవి చెడిపోతే ఆమెకు ఆ రాత్రి పస్తే.

"నేను పెడతా అత్తమ్మా. మీరు వత్తులు చేసుకోండ్రి."

"గన్ని నీళ్ళకు మాడిపోతయి బిడ్డా. నాకు తినేటియి గవే."

"మాడితే నన్నడుగుండ్రి."

రోడ్డు మీద పుచ్చకాయలమ్మే ఆయన్ని అడిగి గుప్పెడు గడ్డి తెచ్చాను. అంతా పొయ్యి మీద పెట్టి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి గిన్నెలో బుడబుడమని చప్పుడు. నా గ్లాసెడు నీళ్ళకు అంత నోరుండదు. మూత తీస్తే సగం గిన్నె నీళ్ళు. అత్తమ్మ తలెత్తకుండా వత్తులు నలుపుతోంది. ఒళ్ళు మండిపోయింది. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు గిన్నెను దబ్బున దించి, గ్లాసెడు మిగిల్చి తక్కిన నీళ్ళన్నీ ఒంపేసి, సన్నటి సెగ మీద మళ్ళీ పెట్టాను. పైగడ్డలకు నీళ్ళు తగలలేదు. అడుగువి మాత్రం నానిపోయాయి.

దీపం పెట్టాక ఆమె పళ్ళెంలో అడుగుదొకటి, పైదొకటి వేసి ఎదురుగా కూర్చున్నాను. అడుగుది కొరికి పక్కన పెట్టింది. పైది తొక్కకు అంటుకున్నది కూడా గీకి తిన్నది. "ఇంకోటి ఎయ్యి" అంది. కడుపునిండా తింటుంటే నా కోపం దిగిపోయింది. నీళ్ళ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

మొన్న శివరాత్రికి పక్కింటామె వాకిట్లో కందగడ్డల గిన్నె నిండా నీళ్ళు నింపుతుంటే, అత్తమ్మ గోడ మీంచి ఆపింది.

"గన్నెందుకు? గ్లాసెడు సాలు. మా ఇంట్ల మొదటి సంది గంతే."

"ఎవరింట్ల అత్తమ్మా?" అని నోటిదాకా వచ్చింది. నవ్వు ఆపుకొని మా గిన్నెలో గడ్డి పరిచాను. గ్లాసు ఆమె చేతికిచ్చి, నేను స్నానానికి వెళ్ళిపోయాను.