బిరడా పెట్టిన రికార్డు గది

ఎనభైల చివర్లో ఒక వేసవిలో నన్ను తెనాలి సబ్ డివిజన్ కింద రేపల్లె సెక్షన్‌కి అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. మాది ప్రభుత్వ భవనాల మంచిచెడ్డలు చూసే శాఖ. సెక్షన్ అంటే రెండు మూడు మండలాల్లో ఉన్న సర్కారు కట్టడాలన్నీ ఒక్క ఇంజనీరు నెత్తిన ఉంటాయన్నమాట. చేరిన అయిదో నెలలో తుఫాను వచ్చింది. నాకింకా ప్రొబేషన్ పూర్తి కాలేదు. ప్రొబేషన్‌లో ఉన్నవాడి హయాంలో తుఫాను వస్తే, దాన్ని కూడా వాడే పిలుచుకొచ్చినట్టు చూస్తారు పైవాళ్లు.

తుఫాను వెలిసిన మర్నాడు మేం చేసే పని మరమ్మతని చాలామంది అనుకుంటారు. కాదు. మరమ్మతుకి అంచనా వేయాలి, మంజూరు కావాలి, టెండరు పిలవాలి. ఈలోగా ఇంకో వానాకాలం వచ్చేస్తుంది. ముందు చేసేది మూత. ఊడిపోయిన తలుపులకీ కిటికీలకీ చెక్కలు కొట్టడం, లేచిపోయిన కప్పు మీద టార్పాలిన్ పరచడం, లోపలున్నది తడవకుండా, ఎవరూ ఎత్తుకుపోకుండా చూడడం. కాగితాల మీద దీన్ని ‘తాత్కాలిక రక్షణ’ అని రాస్తాం. దీనికి పైవాళ్ల నోటిమాట చాలు, కాగితం తర్వాత వస్తుంది.

తుఫానుకి ఫోన్లు పోయాయి గనక నోటిమాట కూడా చీటీ రూపంలో వచ్చింది. తెనాలి నుంచి మా డిప్యూటీ ఇంజనీరుగారు జీపు డ్రైవరుకిచ్చి సైకిలు మీద పంపారు. ‘రిజిస్ట్రారు ఆఫీసు రికార్డు గది ముందు చూడు. మిగతావి తర్వాత.’ ఆ ఆఫీసు, రేపల్లె పక్కన నగరం అనే ఊరుంది, అది దాటాక ఒక ఊళ్లో ఉండేది. ఊరి పేరు చెప్పను. అక్కడివాళ్లకి నేను చేసిన పని గుర్తుండకపోతే గుర్తు చేయడం దేనికి?

పెంకుటిల్లు. రికార్డు గదికి ఒకే తలుపు, రెండు కిటికీలు. మూడూ చట్రాలతో సహా ఎగిరిపోయాయి. తలుపు ఉండాల్సిన చోట సబ్ రిజిస్ట్రారు కామేశ్వరరావుగారు కుర్చీ వేసుకుని, గొడుగు అడ్డం పట్టుకుని కూర్చున్నారు. రెండు రోజులుగా అలాగే ఉన్నారట. నన్ను చూసి లేవలేదు. లేస్తే రికార్డు గదికి కాపలా లేనట్టవుతుందని ఆయన లెక్క.

ఆయన వెనక ఇనప రాక్‌ల మీద బౌండు పుస్తకాలున్నాయి. ఒక్కోటి చంటిబిడ్డంత బరువు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో పొలం, ఇల్లు, దొడ్డి ఏది చేతులు మారినా దస్తావేజు నకలు అందులో రాసి ఉంటుంది. అసలు కాగితం ఇంటి కప్పుతో పాటు ఎగిరిపోయిన రైతుకి, ఆ పొలం నాదేనని చెప్పుకోడానికి మిగిలింది ఈ నకలొక్కటే. ఎన్ని కప్పులు ఎగిరాయో దారి పొడుగునా చూసుకుంటూ వచ్చాను గనక, ఆయన కుర్చీలోంచి లేవకపోవడం నాకు తప్పనిపించలేదు.

“అడుగు వరుసవి అన్నిటికన్నా పాతవండి,” అన్నారాయన. “వాటికి ఇంకో కాపీ ఎక్కడా లేదు. అవి పోతే నేను ఉద్యోగం చేసినా ఒకటే, మానేసినా ఒకటే.”

చెక్కలు ఎక్కడివి? తెనాలి రోడ్డు మీద చెట్లు పడ్డాయి. ఉన్న వడ్రంగులందరూ పశువుల కొట్టాల మీదికి ఎక్కేశారు. మా వర్క్ ఇన్‌స్పెక్టరు కాళ్లకు బలపం కట్టుకుని తిరిగి, చివరికి నిజాంపట్నం నుంచి పోలయ్య మేస్త్రిని ఎడ్లబండి మీద తెచ్చాడు. పోలయ్య పడవలు కట్టే మేస్త్రి. సగం కట్టిన పడవ గాలికి విరిగిపోతే, మిగిలిన పలకలు వేసుకుని ఇద్దరు బావమరుదులతో సహా వచ్చాడు. పలకలు మంచి టేకువి. కాకపోతే పడవ కడుపుకి తగ్గట్టు కాస్త వంపు తిరిగి ఉన్నాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. వడ్రంగికి పని చెప్పేటప్పుడు కొలతలు చెప్పాలి, మందం చెప్పాలి, మేకుల ఎడం చెప్పాలి. పుస్తకాల్లో నేర్చుకున్నది అదే. నేను మాత్రం సబ్ రిజిస్ట్రారుగారి ముందు కాస్త గొప్పగా కనబడాలని, “మేస్త్రీ, ఒక్క చుక్క నీళ్లు దాటకూడదు,” అన్నాను.

పోలయ్య నన్ను కొత్తగా చూశాడు. అప్పటిదాకా నన్ను చిన్నవాడి కింద జమ కట్టాడు, ఆ మాటతో పని తెలిసినవాణ్ణనుకున్నాడు. “అట్టాగేనండి,” అన్నాడు.

మర్నాడు సాయంత్రానికి మూత పూర్తయింది. అలాంటి మూత నా సర్వీసు మొత్తంలో మళ్లీ చూడలేదు. గడప దగ్గర్నుంచి పైదాకా పలక మీద పలక కూర్చి, సందుల్లో నూలు కుక్కి, పైన గుగ్గిలమూ నూనే కలిపిన ముద్ద రాశాడు. మేకులు అటువైపు తేలిన చోట మొనలు వంచేశాడు. ఆఖరి పలక బిగించేముందు బావమరిది ఒకడు లోపల మొనలు వంచి, సందులోంచి బయటికి పాకి వచ్చాడు. వంపు పలకల వల్ల రెండు కిటికీలూ తలుపూ ముందుకు ఉబ్బి, ఆఫీసు మూడు నెలల నుంచీ నిండుగా భోంచేస్తున్నట్టు కనిపించింది. నేను బిందెడు నీళ్లు తెప్పించి పలకల మీద కొట్టించాను. చుక్క దిగలేదు. కామేశ్వరరావుగారు మొదటిసారి నవ్వారు.

తర్వాత ఆయన పని ఆయన చేసుకున్నారు. పలకలకి అడ్డంగా పురికొస కట్టి, లక్క కరగబెట్టి ఆఫీసు ముద్ర వేశారు. తలుపుకి మూడు, కిటికీకి రెండేసి, మొత్తం ఏడు ముద్రలు. అలా సీలు వేసిన రికార్డు గదిని పై అధికారి ఎదుట తప్ప విప్పడానికి వీల్లేదని నాకు రెండుసార్లు చెప్పారు. కప్పు మీద పోయిన పెంకుల చోట తాటాకు పరిపించి, ఉన్న ఒక్క టార్పాలిన్ మధ్యలో కప్పించి, ‘రికార్డు గది నీటి చుక్క దూరకుండా మూయబడినది’ అని రిపోర్టు రాసి పంపాను. మిగతా భవనాలకి టార్పాలిన్లు కావాలని బాపట్ల వెళ్లాను. మా ఇల్లు బాపట్లలోనే గనక రెండు రోజులు కడుపునిండా తిన్నాను కూడా. ఆ రెండు రోజులూ వాన విడవకుండా కురిసింది. అది వింటూ నా మూత గురించి ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.

మూడో రోజు పొద్దున్న వెళ్లేసరికి కామేశ్వరరావుగారు పలకలకి చెవి ఆనించి నిలబడి ఉన్నారు. “లోపల ఏంటో చప్పుడవుతోందండి, ఇంజనీరుగారూ,” అన్నారు. నేనూ చెవి పెట్టాను. నూతిలో చేద పడ్డట్టు ఆగి ఆగి ఒక చప్పుడు. నిచ్చెన వేయించి కప్పెక్కి, తాటాకు ఒక పక్కకి తీసి తొంగి చూశాను.

గది నిండా నీళ్లు. మధ్యలో గుమాస్తా కూర్చునే స్టూలు తేలుతూ వెళ్లి గోడకి తగిలి, మళ్లీ వెనక్కి వస్తోంది. ఆ చప్పుడే మేం విన్నది.

కారణం కప్పు మీదే కనబడింది. రెండు వాలులు కలిసే చోట వాన నీళ్లు పోవడానికి రేకు కాలువ ఉంటుంది. ఆ రేకు గాలికి చిరిగిపోయింది. నేను పెంకులు చూశాను గానీ రేకు చూడలేదు. సగం కప్పు మీద పడ్డ వానంతా నేరుగా గదిలోకే దిగుతోంది. మామూలు వడ్రంగి కొట్టిన మూతయితే ఆ నీళ్లు గడప కిందనుంచి ఎటో అటు కారిపోయేవి. పోలయ్య కట్టిన మూత గనక చుక్క దాటలేదు. నీళ్లు బయట ఉంటాయా లోపల ఉంటాయా అన్నది నేను అతనికి చెప్పలేదు. అడుగు వరుస పుస్తకాలకీ నీళ్లకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉంది. వాన తగ్గలేదు.

చిరిగిన చోట బాపట్ల టార్పాలిన్ వేసి అణిచాను. అయినా పక్కలనుంచి దిగుతూనే ఉంది. మిగిలిన దారి పలక విప్పడం. కామేశ్వరరావుగారు ముద్రలకి అడ్డం నిలబడ్డారు. విప్పితే పై అధికారి ఉండాలి, ఆయన ఊళ్లో లేడు, ఫోను లేదు. విప్పకపోతే పుస్తకాలు పోతాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పక్కకి జరగలేదు. అప్పటికే వర్క్ ఇన్‌స్పెక్టరు, ఊళ్లోనే కొట్టాల పనిలో ఉన్న పోలయ్యని పిలుచుకొచ్చాడు. విప్పడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను.

“అది విప్పేది కాదండి,” అన్నాడు పోలయ్య, కాస్త నొచ్చుకుని. “గొడ్డలితో కొట్టుకోవాల. రేపు పొద్దుగూకే యాళకి అవుద్ది.”

ఇక ఆ ఉద్యోగానికి నీళ్లొదులుకోవడమే అనుకున్నాను. పోలయ్య మాత్రం పలకలు నిమురుతూ, “అయినా బెజ్జం పెట్టుకుంటే సరిపోద్ది గదండి,” అన్నాడు.

ఏం బెజ్జమని అడిగితే చెప్పాడు. ప్రతి పడవకీ అడుగున ఒక బెజ్జం ఉంటుంది, దానికి కర్ర బిరడా. ఒడ్డున ఉన్నప్పుడు వాన నీళ్లు నిండితే బిరడా లాగేస్తారు. మరి ముందే ఎందుకు పెట్టలేదయ్యా అంటే, తన చేతి కింద కట్టిన ఏ పడవకైనా ఆ బెజ్జం ఆఖర్న, యజమాని ఎదురుగా పెడతానన్నాడు. యజమాని వచ్చి వేలితో చోటు చూపించాలి. రేపు ఆ బెజ్జంలోంచి నీళ్లొచ్చి పడవ మునిగితే మాట మేస్త్రి మీదికి రాకూడదు. “మీరెవరూ చూపించలేదు. పని అవగొట్టుకుని ఎల్లిపోయారు. ఇప్పుడు చెప్పండి, యజమాని ఎవరండి?”

కామేశ్వరరావుగారు కళ్లు తుడుచుకుని, భవనం మీ శాఖదే గదా అన్నారు. మరమ్మతులు మాత్రమే మావి, వాడుకుంటున్నది మీ శాఖ అన్నాను. పుస్తకాలు మావి గానీ గోడలు మావి కావన్నారాయన. అసలు రాతప్రకారం సర్కారు ఆస్తి అంతా గవర్నరుగారి పేరు మీద ఉంటుందని నాకు గుర్తొచ్చి, నోరు ఊరుకోక పైకి అనేశాను.

“ఆయన ఎప్పుడొస్తారండి?” అన్నాడు పోలయ్య.

లోపల స్టూలు గోడకి తగిలింది. మా వాదన ఎంతసేపు సాగిందో తెలియదు గానీ, ఆ చప్పుడు మూడు నాలుగుసార్లు వినబడింది. చివరికి నేను తడిగోడ దగ్గర గొంతుక్కూర్చుని, లోపల రాక్ అడ్డం లేని చోటు గుర్తు చేసుకుని, నేలమట్టానికి సరిగ్గా వేలు పెట్టాను. “నేనే. ఇక్కడ కొట్టు,” అన్నాను. కామేశ్వరరావుగారు కాసేపు ఆలోచించి, నిబంధనల్లో తలుపులు, కిటికీలు అని ఉంది గానీ గోడ ప్రసక్తి లేదన్నారు. ఆయన నోట అంత చల్లని మాట నేనెప్పుడూ వినలేదు.

పోలయ్యా, బావమరుదులూ గునపంతో, ఉలితో గోడ తొలిచారు. సున్నపు గోడ గనక గంటలోపే అటు తేలింది. నీళ్లు ధారగా బయటికి దూకాయి. నిచ్చెనెక్కి చూస్తే నాలుగు పుస్తకాల అట్టల అంచులు తడిశాయి. అక్షరాలకి ఏమీ కాలేదు. కిందికి దిగి ఈ మాట చెబితే కామేశ్వరరావుగారు నా చెయ్యి పట్టుకున్నారు.

ఆ వెంటనే ఆయనకి ఇంకో సంగతి తట్టింది. రికార్డు గదికి బెజ్జం ఉండడమంటే దారి ఉన్నట్టే. పోలయ్య చెక్కిన బిరడాకి కూడా లక్క ముద్ర వేయాలన్నారు. మరి వాన పడితే? ముద్ర పగలగొట్టి, నీళ్లు వదిలి, బిరడా పెట్టి, మళ్లీ ముద్ర. అది గది ముద్ర కాదు గనక తానే విప్పుకోవచ్చని తీర్మానించారు. ఆ తర్వాత రెండు రోజుల్లో పద్నాలుగుసార్లు విప్పి వేశారు. ప్రతిసారీ టైము రాసి సంతకం పెట్టారు. సాక్షిగా పోలయ్య వేలిముద్ర.

మూడో రోజు రోడ్డు తెరుచుకుని డిప్యూటీ ఇంజనీరుగారి జీపు వచ్చింది. ఆయన దిగేసరికి సబ్ రిజిస్ట్రారుగారు పంచె ఎగగట్టి, కొవ్వొత్తి, లక్క కడ్డీ పట్టుకుని గోడ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నారు.

“ఏంటయ్యా ఇది? గవర్నమెంటు బిల్డింగుకి బిరడా ఏంటి? గోడ కొట్టమని ఎవరు చెప్పారు?”

వర్క్ ఇన్‌స్పెక్టరు నేలకేసి చూశాడు. కామేశ్వరరావుగారు లక్క ఊదుకుంటున్నారు. పోలయ్య మాత్రం తడుముకోకుండా నావైపు చూపించి, “యజమానిగారండి,” అన్నాడు.

వారంలో మెమో వచ్చింది. ఏ నిబంధన కింద గోడకి రంధ్రం చేయించితిరో సంజాయిషీ ఇవ్వమని. ఏ నిబంధనా లేదనీ, ఉందేమోనని వెతుకుతూ కూర్చుంటే అడుగు వరుస తడిసేదనీ జవాబు రాశాను. ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు.

తర్వాత పాతికేళ్ల సర్వీసులో చాలా తుఫాన్లకి చాలా భవనాలు మూయించాను. చెక్కలు ఎవరైనా కొడతారు. మూసేముందు, లోపలికి వచ్చిన నీళ్లు ఎటు పోతాయో ఇంజనీరు చూసుకోవాలి. ఆ పని తప్పితే, ఎక్కడ కొట్టాలో ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించాలి. చూపించినవాడికి మెమో వస్తుంది. రెండూ ఉద్యోగంలో భాగమే.